కరెంటుకూ ఒక కట్టుబాటు

గజ్వేల్ బజారులో ఏ దుకాణంలోనైనా ఒక బల్బు కొనండి. దానిని వర్గల్‌లో ఉన్న చుట్టాల ఇంటికి తీసుకుపోండి. హోల్డరులో చక్కగా కూర్చుని వెలుగుతుంది. చెన్నైలో చదువుకుంటున్న కుర్రవాడి గదికి పంపండి. అక్కడా వెలుగుతుంది. ఆ బల్బు ఏ ఊళ్ళో తయారయిందో, ఆ హోల్డరు ఎవరు చేశారో మనకు తెలియదు. చేసినవాళ్ళకు కూడా ఒకరినొకరు తెలియదు. అయినా రెండూ మేనరికం సంబంధంలాగా ఇట్టే కుదిరిపోతాయి.

ఇంత చిన్న సంగతిలో వింత ఏమున్నదని అనిపించవచ్చు. ఈ కుదురుబాటు దానంతట అది వచ్చింది కాదు. దాని వెనుక నూట ఇరవై సంవత్సరాల చరిత్ర ఉన్నది. ఎన్నో దేశాలవాళ్ళు బల్లల చుట్టూ కూర్చుని వాదించుకున్న వాదనలున్నాయి. ప్రాణాలు పోయిన తర్వాత నేర్చుకున్న పాఠాలు కూడా ఉన్నాయి.

ఆ చరిత్రనంతా ఒక్క మాటలో పెట్టాలంటే ‘ప్రమాణం’ అనాలి. తెలుగులో ఈ మాటకున్న అర్థాలు చూస్తే ముచ్చట వేస్తుంది. కొలతను ప్రమాణం అంటాము. తర్కశాస్త్రంలో రుజువును ప్రమాణం అంటారు. దేవుడి ముందు వేసే ఒట్టును కూడా ప్రమాణమనే అంటాము. విద్యుత్ సామానుల విషయంలో ఈ మూడు అర్థాలూ ఒక్కచోట కలుస్తాయి. ఇంత ఉండాలని కొలత నిర్ణయించడం ఒకటి. అంతే ఉన్నదని పరీక్ష చేసి రుజువు చూపడం రెండు. దానిని తప్పనని కొనేవాడికి మాట ఇవ్వడం మూడు.

సేరు నుంచి కిలోకు

మన ప్రాంతంలో పెద్దవాళ్ళను అడిగితే సేరు, మానిక, సోల, తవ్వ, అడ్డ అంటూ పాతకాలపు కొలతల పేర్లు వరసగా చెబుతారు. అయితే ఒక అంగడి సేరూ మరొక అంగడి సేరూ సమానంగా ఉండేవని ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఆ తేడాలో నష్టపోయేవాడు ధాన్యం అమ్ముకునే రైతు. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1వ తేదీ నుంచి కిలోలు దేశంలో అంచెలంచెలుగా అమలులోకి వచ్చాయి. ఆ తరువాతనే తక్కెడ ముందు అందరం ఒక్కటయ్యాము.

ధాన్యం కొలతలో తేడా వస్తే పోయేవి దోసెడు గింజలు. కరెంటు కొలతలో తేడా వస్తే మోటారు కాలుతుంది, ఇల్లు కాలుతుంది, ఒక్కొక్కప్పుడు మనిషే పోతాడు. పైగా ధాన్యం కంటికి కనబడుతుంది, కరెంటు కనబడదు. అందుచేతనే విద్యుత్తు విషయంలో పెద్దలు మొదటినుంచీ జాగ్రత్త పడ్డారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలోనే ఓమ్, వోల్టు, ఆంపియరు అనే కొలతలను దేశాలన్నీ కలిసి ఖాయం చేసుకున్నాయి. కొలతలు కుదిరాయి గాని యంత్రాలు కుదరలేదు. ఒక్కొక్క కంపెనీ తన ఇష్టం వచ్చిన వోల్టేజితో, తన ఇష్టం వచ్చిన కొలతలతో సామాను తయారుచేస్తూ పోయింది.

ఒకే సంవత్సరం, రెండు సంఘటనలు

1904 ఫిబ్రవరి 7న అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో నిప్పు అంటుకున్నది. వాషింగ్టన్ నుంచి, ఫిలడెల్ఫియా నుంచి, న్యూయార్క్ నుంచి అగ్నిమాపక దళాలు రైళ్ళ మీద పరుగెత్తుకు వచ్చాయి. మనుషులున్నారు, యంత్రాలున్నాయి, నీళ్ళున్నాయి. కాని ఒక్కొక్క ఊరి గొట్టానికి ఒక్కొక్క రకం మర! బయటినుంచి వచ్చిన గొట్టాలు చాలా వరకు బాల్టిమోర్ కుళాయిలకు పట్టలేదు. సహాయానికి వచ్చినవాళ్ళు చేతిలో గొట్టాలు పట్టుకుని చూస్తూ నిలబడవలసి వచ్చింది. రెండు రోజుల మంటల్లో 1500కు పైగా భవనాలు బూడిదయ్యాయి.

అదే సంవత్సరం సెప్టెంబరులో, అదే దేశంలోని సెయింట్ లూయిస్ నగరంలో అంతర్జాతీయ విద్యుత్ మహాసభ జరిగింది. యంత్రాల ప్రమాణాలను గురించి అక్కడ ప్రసంగించిన ఆంగ్లేయ ఇంజనీరు పేరు కర్నల్ క్రాంప్టన్. పాఠకులు ఈ పేరు ఎక్కడో చూసినట్లున్నదని అనుకోవచ్చు. చూసే ఉంటారు, మన ఇళ్ళలో ఫ్యానుల మీద, పంపుల మీద! ఆ కంపెనీకి మూలపురుషుడు ఈయనే. యువకుడిగా 1860, 70 దశకాలలో సైన్యంలో మన దేశానికి వచ్చి, ఆవిరియంత్రాలతో రోడ్ల మీద బండ్లు లాగించే ప్రయోగాలు చేసినవాడు.

దేశాల మధ్య ప్రమాణాలు కుదర్చడానికి ఒక శాశ్వత సంఘం ఉండాలని ఆ మహాసభ తీర్మానించింది. 1906 జూన్‌లో లండన్‌లో ఆ సంఘం పుట్టింది. అదే అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం, వాడుకలో ఐ.ఇ.సి. సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు లార్డ్ కెల్విన్ దానికి మొదటి అధ్యక్షుడు. 1948లో దాని కార్యాలయం లండన్ నుంచి జెనీవాకు మారింది. ఈనాటికీ అక్కడే ఉన్నది.

ఈ సంఘానికి పోలీసులు లేరు, జైళ్ళు లేవు. అది శాసనాలు చేయదు, ఒప్పందాలు కుదురుస్తుంది. దేశానికి ఒక ఓటు. ఒక ప్రమాణం నెగ్గాలంటే ఆ పనిలో పాలుపంచుకునే దేశాలలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి, మొత్తం ఓట్లలో నాలుగో వంతుకు మించి వ్యతిరేకత ఉండకూడదు. ఆ తరువాత ఏ దేశానికి ఆ దేశం దానిని తన చట్టంలో చేర్చుకుంటుంది, లేదా మానుకుంటుంది.

మన ముద్ర

మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 1947 జనవరి 6న ఏర్పడింది. అంటే స్వాతంత్ర్యానికి ఏడు నెలల ముందే. డాక్టర్ లాల్ సి. వర్మన్ దానికి మొదటి డైరెక్టరు. 1952లో ముద్ర వేసే అధికారాన్నిస్తూ చట్టం వచ్చింది. అదే మన అందరికీ తెలిసిన ఐ.ఎస్.ఐ. ముద్ర. 1987 ఏప్రిల్ 1న ఆ సంస్థ భారతీయ ప్రమాణాల బ్యూరోగా మారింది గాని, ముద్ర పేరు మాత్రం జనం నోట ఐ.ఎస్.ఐ.గానే నిలిచిపోయింది.

ఈ ముద్ర అన్ని సరుకులకూ నిర్బంధం కాదు. అయితే కరెంటు సామానులో ప్రాణాపాయం ఉన్నది కనుక తీగలు, స్విచ్చులు, ఇస్త్రీపెట్టెలు, నీళ్ళు కాచే హీటర్ల వంటివాటికి 2003లో ప్రత్యేక ఉత్తర్వు ద్వారా నిర్బంధం చేశారు. 2012లో ఎలక్ట్రానిక్ సామానుకు మరొక ఉత్తర్వు వచ్చింది. ఈ భారతీయ ప్రమాణాలు చాలావరకు ఐ.ఇ.సి. ప్రమాణాలను ఆధారం చేసుకున్నవే. కొన్నింటిని అక్షరం మార్చకుండా తీసుకున్నారు. కొన్నింటిని మన ఎండకూ, మన దుమ్ముకూ, మన వోల్టేజికీ తగినట్లు సవరించుకున్నారు.

మన గోడకుండే మూడు రంధ్రాల సాకెట్టునే చూడండి. అది బ్రిటిష్ పద్ధతి నుంచి మనకు సంక్రమించింది. పైనున్న పిన్ను మిగతా రెండింటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకుంటుంది? ప్లగ్గు గుచ్చేటప్పుడు అన్నింటికన్నా ముందు ఎర్తు తగలాలి, పీకేటప్పుడు అన్నింటికన్నా ఆఖరున ఎర్తు విడిపోవాలి. కరెంటు ఉన్నంతసేపూ రక్షణ ఉండాలని ఆ ఏర్పాటు. ఆ లావు పిన్నును విరగ్గొట్టి, రెండు పిన్నులతోనే పని గడుపుకోవడం మనవాళ్ళలో కొందరికి అలవాటు. వాళ్ళు విరగ్గొట్టేది ఇత్తడి ముక్కను కాదు, ఇంటిల్లిపాదికీ ఉన్న కాపలాను.

పొలం గట్టున

గజ్వేల్ చుట్టుపట్ల వ్యవసాయం చాలావరకు బోరు మీద ఆధారపడినది. బోరు అంటే మోటారు, మోటారు అంటే కరెంటు. 2020 మే 29న కొండపోచమ్మసాగర్‌లోకి గోదావరి నీళ్ళు ఎత్తిపోసినప్పుడు మర్కూక్ దగ్గర తిరిగిన పంపులు ఒక్కొక్కటి 34 మెగావాట్లవి. అంటే సుమారు 45 వేల హార్స్‌పవర్. ఆ జలాశయానికి కూతవేటు దూరంలో రైతు బోరులో తిరిగేది మూడు హార్స్‌పవర్ మోటారు. రెండింటికీ ఒక్కటే నియమం: నామఫలకం మీద ఏమి రాసి ఉన్నదో అది అందాలి.

ఆ రేకును రైతు సోదరులు ఒకసారి శ్రద్ధగా చదవాలి. అందులో వోల్టులు, హెర్ట్జులు, నిమిషానికి చుట్లు, ఐ.ఎస్. నంబరు ఉంటాయి. అది ఒక పత్రం వంటిది. 415 వోల్టులు అని ఉంటే, ఆ వోల్టేజి అందినప్పుడు ఈ పని చేస్తానని మోటారు ఒప్పుకున్నదన్నమాట. వోల్టేజి ఐదో వంతు తగ్గితే దాని తిప్పే బలం ఐదో వంతు తగ్గి ఊరుకోదు. మూడో వంతుకు పైగా పడిపోతుంది. బరువు మాత్రం తగ్గదు కనుక మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, చుట్టు వేడెక్కుతుంది, చివరకు కాలిపోతుంది. రైతు మోటారును తిడతాడు, మోటారు అమ్మినవాడు కరెంటును తిడతాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చారు. తరువాత 2005లో దానికి తోడుగా నాలుగు నియమాలు పెట్టారు: కెపాసిటరు, రాపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న మోటారు, నునుపైన ప్లాస్టిక్ పైపులు. నాలుగూ మంచివే. అయితే బోరు ఎండితే మరొక బోరు, అదీ ఎండితే ఇంకొకటి వేస్తూ అప్పుల్లో మునిగిన రైతు, ముద్ర ఉన్న మోటారుకు ఎక్కువ ధర పెట్టలేక నాటు మోటారు తెచ్చుకుంటాడు. కాలిన ప్రతిసారీ చుట్టు కట్టించుకుంటాడు. నాలుగు సార్లు చుట్టు కట్టించిన డబ్బుతో ముద్ర ఉన్న మోటారు వచ్చేదేమోనన్న లెక్క తీరిక ఉన్నవాడికి తడుతుంది గాని, పొట్ట దశలో ఉన్న వరికి రేపు నీళ్ళు పెట్టవలసినవాడికి తట్టదు.

ఆటో స్టార్టర్ల కథ కూడా ఇటువంటిదే. ఏ అర్ధరాత్రో కరెంటు వచ్చే రోజుల్లో, పొలానికి పోకుండానే మోటారు దానంతట అది నడిచేటట్లు వాటిని పెట్టుకున్నారు. పాములకూ చీకటికీ భయపడి పెట్టుకున్న రక్షణ అది. కాని నేరుగా మొదలయ్యే మోటారు ఆ మొదటి క్షణాలలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. కరెంటు రాగానే ఇరవై మోటార్లు ఒక్కసారి లేస్తే ఆ భారం ట్రాన్స్‌ఫార్మరు మీద పడుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసివేయమని ఊరూరా చెప్పింది ఇందుకే.

ఇక ఎర్తింగు. దీనికి కూడా భారతీయ ప్రమాణం ఉన్నది, నంబరు 3043. గొట్టం పాతే పద్ధతిలో కనీసం రెండున్నర మీటర్ల పొడుగుండాలి, నేల తడిగా ఉండాలి. మన ఎండాకాలంలో రెండడుగుల లోతున కూడా తడి మిగలదు. గుంటలో నీళ్ళు పోయడం ఎంత చిన్న పని! అది చేయకపోతే మోటారులో లోపం వచ్చినప్పుడు కరెంటు భూమిలోకి పోయే దారి దొరకక, స్టార్టరు పెట్టెను ముట్టుకున్న మనిషి ఒంటిలో నుంచి దారి చేసుకుంటుంది. ఫ్యూజు పోయినప్పుడు లైన్‌మన్ కోసం చూడలేక తానే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకు పోయి, అల్యూమినియం తీగ పేటలు మెలివేసి కట్టి ప్రాణం పోగొట్టుకున్న రైతుల వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము. ఫ్యూజు తీగ సన్నగా ఉండేది తాను కరిగి మనల్ని కాపాడటానికే. దానిని లావు చేయడమంటే కాపలావాడికి నిద్రమందు పెట్టడమే.

రంగుల చిక్కు

మన జిల్లానుంచి గల్ఫ్ దేశాలకు పోయి ఎలక్ట్రీషియన్ పని చేసే యువకులు ఎందరో ఉన్నారు. వాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. మన భవనాల తీగలలో మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం రంగులు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ వాడటం చిరకాలంగా వస్తున్న ఆచారం. అంతర్జాతీయ పద్ధతిలో ఫేజులకు గోధుమరంగు, నలుపు, బూడిదరంగు, న్యూట్రల్‌కు నీలం, ఎర్తుకు ఆకుపచ్చ, పసుపు చారలు.

అంటే మన దగ్గర నీలం షాకు కొట్టే తీగ, అక్కడ నీలం న్యూట్రల్. మన దగ్గర నలుపు న్యూట్రల్, అక్కడ నలుపు షాకు కొట్టేది! బ్రిటన్ 2004లో పాతరంగులు వదిలి కొత్త రంగులు చేపట్టింది. రెండేళ్ళ గడువు ఇచ్చి 2006 నుంచి కొత్త పనులన్నిటికీ తప్పనిసరి చేసింది. మన ఇళ్ళలో కూడా మిక్సీ, ఇస్త్రీపెట్టెల తీగలను విప్పి చూస్తే గోధుమరంగు, నీలం, చారల ఆకుపచ్చ కనిపిస్తాయి. ఒకే ఇంట్లో గోడలో ఒక భాష, తీగలో ఒక భాష. కాబట్టి ఏ దేశంలోనైనా రంగును నమ్మి చెయ్యి పెట్టరాదు. టెస్టరుతో చూసిన తర్వాతనే పని మొదలుపెట్టాలి.

యాభైయా, అరవైయా?

అన్నింటిలోనూ ప్రపంచం ఏకమయిందని అనుకోకూడదు. మన ఇళ్ళలో 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు. అమెరికాలో కాపురం పెట్టిన కూతురికి తల్లి ముచ్చటపడి ఇక్కడి వెట్‌గ్రైండరు పంపిందనుకోండి. వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవచ్చు గాని ఆవృత్తి మారదు కదా! ఇటువంటి మోటారు అక్కడ ఐదో వంతు వేగంగా తిరుగుతుంది. ఇడ్లీపిండి సంగతి ఎలా ఉన్నా మోటారు ఆయుర్దాయం తగ్గుతుంది.

జపానుది మరీ విచిత్రం. తొలిరోజుల్లో తూర్పు ప్రాంతం జర్మనీ యంత్రాలు కొని 50 ఆవృత్తులకూ, పడమటి ప్రాంతం అమెరికా యంత్రాలు కొని 60 ఆవృత్తులకూ కట్టుబడిపోయాయి. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చి తూర్పున విద్యుత్ కేంద్రాలు మూతపడినప్పుడు, పడమటి కరెంటును కొద్దిపాటిగా తప్ప అటు పంపలేకపోయారు. బాల్టిమోర్ గొట్టాల కథ నూట ఏడేళ్ళ తర్వాత మళ్ళీ జరిగిందన్నమాట.

మన దేశం ఈ విషయంలో అదృష్టవంతురాలు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ లైను ద్వారా దక్షిణాది విద్యుత్ వ్యవస్థ మిగతా దేశంతో కలిసింది. ఆనాటి నుంచి దేశమంతా ఒకే తాళానికి నడుస్తున్నది. గజ్వేల్ 400 కేవీ సబ్‌స్టేషన్‌లో కొట్టుకునే నాడి, కాశ్మీరులో కొట్టుకునే నాడి ఒక్కటే. కలిసి ఉండటంలో బలమున్నది, బాధ్యత కూడా ఉన్నది. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తర భారతం చీకటైనప్పుడు, అప్పటికింకా ఆ తాళంలో కలవని దక్షిణాది తప్పించుకున్నది. ఇప్పుడు ఒకరి పొరపాటు అందరికీ తగులుతుంది కనుక నియమాలు మరింత గట్టిగా ఉండక తప్పదు.

జేబులోని చార్జరు

మోటారు, బల్బుల కన్నా ఎలక్ట్రానిక్ సామానులో ఈ సఖ్యత త్వరగా కుదిరింది. మీ సెల్‌ఫోను చార్జరు మీద సన్నని అక్షరాలు చదవండి. 100 నుంచి 240 వోల్టుల వరకు, 50 లేక 60 ఆవృత్తులు అని ఉంటుంది. అది గజ్వేల్‌లోనూ పనిచేస్తుంది, చికాగోలోనూ పనిచేస్తుంది. ఒకప్పుడు ఫోనుకొక రకం పిన్ను ఉండేది. ఇప్పుడు టైప్-సి అనే ఒకే రకం ప్రబలింది. దానికి ఐ.ఇ.సి. ప్రమాణం ఉన్నది, మన బ్యూరో కూడా దానిని భారతీయ ప్రమాణంగా స్వీకరించింది. యూరపు దేశాల కూటమి 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోనులన్నిటికీ దానిని నిర్బంధం చేసింది.

ఈ ఒప్పందాలలో మన దేశం కేవలం వినేవాడి స్థానంలో లేదు. తక్కువ వోల్టేజి డి.సి. కరెంటు ప్రమాణాల విషయంలో ఐ.ఇ.సి.లో ముందు నిలిచి పనిచేస్తున్నది మన దేశమే. 2025 సెప్టెంబరులో ఐ.ఇ.సి. మహాసభ న్యూఢిల్లీలోనే జరిగింది. హైదరాబాదు ఉప్పల్‌లో కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థవారి అత్యున్నత వోల్టేజి ప్రయోగశాల ఉన్నది. గజ్వేల్ నుంచి రెండు గంటల ప్రయాణం. ఇంజనీరింగు చదివే మన పిల్లలకు ప్రమాణాలు తయారుచేయడం కూడా ఒక వృత్తి అని ఎవరైనా చెప్పాలి. ముసాయిదాలను ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడుగుతారు. ఆ అభిప్రాయాలలో కంపెనీల మాటతోపాటు, బోరు కింద వరి పండించేవాడి మాట, స్తంభమెక్కే లైన్‌మన్ మాట కూడా చేరాలి. మోటారు ఎట్లా కాలుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

కొనేవాడు చూడవలసినవి

ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోదు. దొంగముద్రలు కూడా ఉన్నాయి. అసలు ఐ.ఎస్.ఐ. ముద్రకు పైన ఆ వస్తువు ప్రమాణం నంబరు, కింద ‘సీఎం/ఎల్’ అనే అక్షరాలతో తయారుచేసినవాడి లైసెన్సు నంబరు ఉంటాయి. ఎలక్ట్రానిక్ సామాను మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. సెల్‌ఫోనులో ‘బీఐఎస్ కేర్’ అనే యాప్ పెట్టుకుని ఆ నంబరు కొడితే అసలు సంగతి తెలిసిపోతుంది. బిల్లు అడిగి తీసుకోవాలి. నంబరు లేని ముద్ర సంతకం లేని ప్రామిసరీ నోటుతో సమానం.

చివరిగా ఒక మాట. ప్రమాణం ఒకవైపు మాత్రమే ఉండేది కాదు. రైతు ముద్ర ఉన్న మోటారు కొనాలి, నిజమే. సరఫరా చేసేవారు కూడా ఒప్పుకున్న వోల్టేజిని ఆరు శాతానికి మించి తేడా రాకుండా పొలం గట్టు దాకా చేర్చాలి. ట్రాన్స్‌ఫార్మరుకు కంచె వేయాలి, ఫ్యూజు పిలుపుకు మనిషిని పంపాలి. ఒకవైపువారు మాట తప్పి రెండవవైపువారిని నిలబెట్టుకోమనడం న్యాయం కాదు. తెలుగులో ఒట్టుకూ కొలతకూ ఒకే మాట పెట్టిన పూర్వులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.